ఇనుప పనుల షెడ్డుకు వెల్డింగు యంత్రము నెన్నుకొనుట

కాలువలకు నీరు వదలిన పది దినములలో చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ, అవనిగడ్డ ప్రాంతములలో ఏ వెల్డింగు షెడ్డు ముందు చూచినను ట్రాక్టర్లు బారులు తీరి నిలిచి యుండును. కొందరికి దమ్ము చక్రములకు పట్టీలు ఊడినవి. కొందరికి గుంటక విరిగినది. మరి కొందరికి ట్రక్కు కొక్కెము బీట వారినది. ఆ పది దినములలో షెడ్డు యజమాని చేతి పని చెడినచో పోవునది అతని పేరు మాత్రమే కాదు, రైతు సార్వా పైరు కూడ దెబ్బ తినును.

ఇటీవల వ్యవసాయ కుటుంబములలోని యువకులు పలువురు ఇంటి వద్దనే చిన్న షెడ్డు వేసి ఇనుప పనులు చేయుటకు పూనుకొనుచున్నారు. పొలము పనులు లేని దినములలో గేట్లు, కిటికీ ఊచలు, రేకుల షెడ్లు, నాగాయలంక వైపు రొయ్యల చెరువులకు గాలి చక్రముల చట్రములు చేయుటకు వీలుండును. ఈ ఆలోచన మంచిదే. అయితే వారు మా వద్దకు విత్తనముల కొరకు వచ్చినప్పుడు అడుగు ప్రశ్న ఒకటే: "ఎన్ని ఆంపియర్ల మిషను కొనమంటారండీ?" నేను సస్యశాస్త్రము బోధించువాడను, వెల్డింగు నా వృత్తి కాదు. కాని ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొని నష్టపోయిన ఇల్లు మాది గూడ గనుక, నేర్చుకొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

మూడేండ్ల క్రిందట మా పినతండ్రి కుమారుడు షెడ్డు పెట్టి, తక్కువ వెలకు దొరికినదని ఒక చిన్న ఇన్వర్టరు వెల్డింగు యంత్రము తెచ్చెను. దాని పైపెట్టెపై పెద్ద అక్షరములతో 400 అని యుండెను. "మనకి 120 చాలు గదా అన్నయ్యా, ఇది 400 ఇస్తుంది, ఇంక భయమేమిటి" అనెను. నాకును సరియేనని తోచినది. దమ్ముల కాలములో ఇరుగు పొరుగు వారి దమ్ము చక్రములు రెండు జతలు బాగు చేసినాడు. పైకి చూచుటకు అతుకులు నున్నగా, అందముగా ఉన్నవి. నాలుగవ దినమున ఒక చక్రము నుండి వరుసగా మూడు పట్టీలు ఊడిపోయి, ట్రాక్టరు నడుము లోతు బురదలో దిగబడినది. దానిని బయటకు లాగి, చక్రము మరల చేయించుసరికి ఆ రైతుకు నీటి వంతు దాటిపోయినది. నారు ముదిరినది. 25, 30 దినములలో నాటవలసిన నారు ముదిరిన కొలది పిలకలు తగ్గునని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రైతు మా వాని నేమియు అనలేదు గాని, మరల ఆ షెడ్డుకు రాలేదు.

ఊడిన పట్టీని తెచ్చి చూచితిమి. అతుకు ఇనుములోనికి దిగలేదు, పైన మైనము పూసినట్లు కూర్చున్నది. తప్పు చేతిది కాదు. ఆ ఇనుమును కరగించుటకు తగిన కరెంటు రాలేదు. 400 అని వ్రాసిన యంత్రము నుండి 120 ఆంపియర్లు కూడ ఎందుకు రాలేదో తెలిసికొనుటకు పెద్ద చదువు అవసరము లేదు. యంత్రము వెనుక అతికించిన నేమ్ ప్లేటు చదువుట తెలిసిన చాలును.

వెల్డింగు యంత్రము కరెంటును పుట్టించదు. లైను నుండి ఎక్కువ వోల్టులు, తక్కువ ఆంపియర్లుగా తీసికొని, రాడ్డు వద్దకు తక్కువ వోల్టులు, ఎక్కువ ఆంపియర్లుగా ఇచ్చును. కావున లైను నుండి తీసికొన్న దానిని మించి ఇచ్చుట దానికి సాధ్యము కాదు. 150 ఆంపియర్ల వద్ద రాడ్డు కొసన సుమారు 26 వోల్టులు ఉండును. ఈ రెండును గుణించిన 3,900 వాట్లు. సింగిల్ ఫేజు మీద నడచు మామూలు ఇన్వర్టరు యంత్రములో జరుగు నష్టములను, లైను నుండి కరెంటును కుదుపులుగా తీసికొను దాని స్వభావమును కలిపి లెక్క వేసిన, దీనికి లైనులో సుమారు 7 కె.వి.ఏ. కావలెను. అనగా 230 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు. దీని నుండి ఒక మోటు లెక్క ఏర్పడుచున్నది. నేమ్ ప్లేటుపై వ్రాసిన ఇన్‌పుట్ ఆంపియర్లను 5 తో గుణించినచో రాడ్డు వద్ద రాగల ఆంపియర్లు తెలియును. 200 ఆంపియర్ల వంటి పెద్ద కరెంటు వద్ద ఈ గుణకము అయిదుకు కొంచెము తగ్గును.

మా వాని యంత్రము వెనుక ఇన్‌పుట్ 24 ఆంపియర్లు అని యున్నది. 24 ను 5 తో గుణించిన 120. ముందు వైపున్న 400 కేవలము రంగు అక్షరములే. పైగా ఆ 120 కూడ లైనులో 230 వోల్టులు ఉన్నప్పుడే. మా ఊరిలో సాయంకాలము వోల్టేజి 180 కి దిగును. అప్పుడు అదే 24 ఆంపియర్ల నుండి రాడ్డు వద్దకు వచ్చునది సుమారు 100 మాత్రమే. దమ్ము చక్రపు పట్టీ అతుకుటకు 10 గేజి రాడ్డు వాడుదురు. 6 మిల్లీమీటర్ల మందముగల ఇనుముపై దానికి 110 నుండి 120 ఆంపియర్లు నిలకడగా కావలెను. పట్టీలు ఎందుకు ఊడినవో ఇక వివరింప నవసరము లేదు.

ఇదే లెక్కను మీ ఇంటి గోడకున్న ప్లగ్గుకు వర్తింపజేయుడు. పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. దాని నుండి 80 ఆంపియర్లకు మించి వెల్డింగు కరెంటు ఆశింపరాదు. 80 ఆంపియర్లతో 12 గేజి రాడ్డు కాల్చి కిటికీ ఊచలు, సన్నని చదరపు గొట్టముల గేట్లు చేయవచ్చును. ట్రాక్టరు పనిముట్టు దేనిని ముట్టరాదు.

కావున యంత్రము కొనుటకు ముందు రెండు సంగతులను కాగితముపై వ్రాసికొనుడు. మొదటిది, మీరు చేయబోవు పనులలో అన్నిటికంటె మందమైన ఇనుము ఏది? రెండవది, మీ షెడ్డు వద్ద రాత్రి ఏడు గంటలకు, మోటార్లు నడచు వేళను, వోల్టేజి ఎంత ఉన్నది? వోల్టుమీటరు చవుకగా దొరకును. వారము దినములు వ్రాసిన చాలును. దుకాణమునకు వెళ్ళి ధరలు అడుగుట ఆ తరువాతి పని.

రాడ్డును బట్టి కరెంటు సుమారుగా ఇట్లుండును. 12 గేజి రాడ్డుకు 60 నుండి 90 ఆంపియర్లు, 10 గేజికి 90 నుండి 130, 8 గేజికి 140 నుండి 180. మన ప్రాంతములో షెడ్డు పనులలో మూడు వంతులు 10 గేజితో జరుగును. మిగిలిన నాల్గవ వంతులోనే ట్రక్కు కొక్కెము, ట్రాలీ ఇరుసు బిగింపు, మూడు చుక్కల లింకు చేతులు వంటి ప్రాణముతో ముడిపడిన పనులు ఉండును. వీని ఇనుము 12 మిల్లీమీటర్లకు పైబడి యుండును. దీనికి అంచులను వాలుగా గ్రైండు చేసి, 8 గేజి రాడ్డుతో పొర మీద పొర వేయవలెను. వరి బస్తాల ట్రక్కు వంతెన ఎక్కునప్పుడు కొక్కెము ఊడిన ఏమగునో ఊహించుకొనుడు. ఆ పని చేయు ఉద్దేశ్యమున్నచో 160 ఆంపియర్లు నిలకడగా ఇచ్చు యంత్రమే కొనవలెను. లేదా ఆ పనిని తిరస్కరించు ధైర్యముండవలెను. "ఏదో రెండు చుక్కలు పెట్టు బాబూ, ఈ పూటకి గడిస్తే చాలు" అని రైతు బ్రతిమాలినను పెట్టరాదు.

నిలకడ అను మాటను కొంచెము వివరింతును. యంత్రములు వేడెక్కును గనుక అవి ఎంతసేపు ఆగకుండ పని చేయగలవో తెలుపు అంకె నేమ్ ప్లేటుపై ఉండును. దీనిని డ్యూటీ సైకిలు అందురు. 200 ఆంపియర్ల వద్ద 60 శాతము అని యున్నచో, పది నిముషములలో ఆరు నిముషములు 200 ఆంపియర్లతో కాల్చి నాలుగు నిముషములు ఆపవలెనని అర్థము. అదే యంత్రమును 155 ఆంపియర్ల వద్ద ఆపకుండ నడుపవచ్చును. 20 శాతము అని యున్న యంత్రమైనచో 200 ఆంపియర్ల వద్ద రెండు నిముషములే నడచును. ఆగకుండ నడపవలెనన్న దాని శక్తి 90 ఆంపియర్లే. రెండింటి పెట్టెలపైనను 200 అనియే యుండును! ఈ అంకెలను సాధారణముగా 40 డిగ్రీల సెంటిగ్రేడు గాలిలో కొలుతురు. రేకుల క్రింద వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నము మన షెడ్లలో అంతకు మించియే యుండును. కావున కొంత మిగులు చూచుకొనవలెను. డ్యూటీ సైకిలు అంకె అసలే లేని యంత్రమును కొనవద్దు.

ఇక ఏ రకము యంత్రము? ఇన్వర్టరు అనగా ఇంటిలో బ్యాటరీతో దీపములు వెలిగించునది కాదు. ఇది లైను కరెంటును ఎలక్ట్రానిక్ భాగములతో క్షణమునకు వేల సార్లు తెంచి కలుపుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ పంపి, నిలకడయైన డీ.సీ. కరెంటుగా ఇచ్చును. చేతితో మోసికొని పోవచ్చును. రాడ్డు తేలికగా వెలుగును. కొత్తగా నేర్చుకొన్నవాని చేతికి లొంగును. రెండవది పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రము. ఇనుప రేకుల దిమ్మె మీద రాగి తీగ చుట్టిన బరువైన పెట్టె. కొన్నింటికి చల్లదనమునకు నూనె పోయుదురు. దానిలో చెడిపోవు వస్తువులు మిక్కిలి తక్కువ. మోటార్లకు వైండింగు చేయు మన ఊరి పనివాడే దానిని తిరిగి చుట్టగలడు. ఇన్వర్టరు లోని పలక కాలినచో విజయవాడ ఆటోనగరుకు పోవలెను. అచ్చట ఆ భాగము దొరకనిచో యంత్రము మూల బడును. దమ్ముల కాలములో ఈ భేదము చాల పెద్దది.

అయితే ట్రాన్స్‌ఫార్మరు యంత్రము లైనును ఎక్కువగా పీల్చును. 70 వోల్టుల ఖాళీ వోల్టేజి గలది 150 ఆంపియర్లు ఇచ్చునప్పుడు సుమారు 10½ కె.వి.ఏ. తీసికొనును. ఒక ఫేజు మీద ఇది 45 ఆంపియర్లు. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులకు కలిపినచో 25 ఆంపియర్లు. కావున త్రీ ఫేజు లేని షెడ్డుకు దీనిని గూర్చి ఆలోచింపరాదు. తక్కువ వోల్టేజికి కూడ ఇది వెంటనే లొంగిపోవును. 230 వోల్టులకు చేసిన యంత్రము 180 వద్ద 70 కి బదులు 55 వోల్టుల ఖాళీ వోల్టేజియే ఇచ్చును. రాడ్డు ఇనుముకు అంటుకొని ఊడి రాదు.

ఇన్వర్టరు కొన్నచో కరెంటు బిల్లు సగమగునని దుకాణదారులు చెప్పుదురు. లైనులో ఆంపియర్లు బాగుగా తగ్గుట నిజమే గాని, మీటరు తిరుగునది యూనిట్లకు. కరగిన ఇనుము అదే గదా! రాడ్డు మార్చుకొను విరామములలో ఖాళీగా తినునది తగ్గుట వలన కొంత మిగులును. సగము మిగులదు. ఆ ఆశతో ఎక్కువ వెల పెట్టవద్దు.

నా అభిప్రాయము అడిగినచో, త్రీ ఫేజు కనెక్షను ఉండి, ఒకేచోట కూర్చుండి బరువు పనులు చేయువారికి రాగి వైండింగు గల 250 లేక 300 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు యంత్రము ఈనాటికిని మంచి కొనుగోలే. పాతదైనను ఫరవాలేదు. అల్యూమినియము తీగ చుట్టి రాగి అని అమ్ముట కలదు. కావున బిల్లుపై "రాగి వైండింగు" అని వ్రాయించుకొనుడు. సింగిల్ ఫేజు మాత్రమే గలవారు, చెరువు గట్లకు, చేలకు యంత్రమును తీసికొని పోవువారు 60 శాతము వద్ద నిజమైన 200 ఆంపియర్ల ఇన్వర్టరు కొనవలెను. దాని ఇన్‌పుట్ 40 ఆంపియర్లకు తగ్గినచో అది 200 ఆంపియర్లది కాదని తెలిసికొనుడు. తక్కువ వోల్టేజిలో ఎంతవరకు పని చేయునో నేమ్ ప్లేటుపై చూడవలెను. కరెంటు లేని చెరువు గట్టుపై జనరేటరుతో 150 ఆంపియర్లు కావలెనన్న 10 కె.వి.ఏ.కు తక్కువ పనికిరాదు. గ్యాసుతో తీగ పోయు మిగ్ యంత్రము సన్నని రేకు పనికి, ఒకే రకము గేట్లు వందలు చేయువానికి లాభకరము. కాని మన సముద్రపు గాలికి ఆ గ్యాసు పొర చెదరిపోవును, సిలిండరు నింపించుటకు పట్టణము తిరుగవలెను. మొదటి యంత్రముగా దానిని కొనవద్దు.

మంచి యంత్రము కొని సన్నని వైరుతో చంపుకొనువారు ఎక్కువ. స్తంభము నుండి షెడ్డుకు 30 మీటర్ల దూరము ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు లాగి 30 ఆంపియర్లు పంపినచో దారిలోనే 33 వోల్టులు పోవును. 2½ చదరపు మిల్లీమీటర్ల వైరుతో 13, 6 చదరపు మిల్లీమీటర్లదైనచో ఆరు వోల్టులకు లోపు. లైనులో 200 ఉన్నప్పుడు సన్నని వైరు వలన యంత్రము వద్ద 167 మాత్రమే మిగులును. రాడ్డు పట్టు హోల్డరు కేబులు, ఎర్తు కేబులు 200 ఆంపియర్లకు 35 చదరపు మిల్లీమీటర్ల రాగివి ఉండవలెను. ఎర్తు క్లాంపును తుప్పు మీద తగిలించి, అతుకు చెడినదని యంత్రమును తిట్టువారిని చూచితిని.

దివిసీమ గాలిలో ఉప్పు, తేమ రెండును ఉన్నవి. ఇన్వర్టరులోని ఫ్యాను ఆ గాలిని, దానితోపాటు గ్రైండరు నుండి రేగు ఇనుప ధూళిని లోనికి లాగి ఎలక్ట్రానిక్ పలకలపై పరచును. ఉప్పు తేమను పట్టి ఉంచును, ఇనుప పొడి కరెంటుకు దారి చూపును. సగము యంత్రములు ఇట్లే కాలిపోవుచున్నవని నా అనుమానము. యంత్రమును నేలపై గాక మోకాలెత్తు బల్లపై, గ్రైండరుకు దూరముగా ఉంచవలెను. నెల కొకసారి ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగిన పిమ్మట, నెమ్మదియైన పొడి గాలితో ఊదించవలెను. వానకాలములో పని లేకున్నను రెండు మూడు దినముల కొకసారి పావుగంట నడిపి లోపలి తేమను ఆరబెట్టవలెను.

రాడ్ల విషయములోను ఈ తేమయే శత్రువు. మామూలు పనులకు 6013 రాడ్డు చాలును. పెట్టెపై ఐ.యస్. 814 గుర్తు చూడవలెను. కమాను పట్టా వంటి గట్టి ఉక్కును 6013 తో అతికినచో అతుకు ప్రక్కనే పగులును. దానికి 7018 రాడ్డు, ముందుగా ఇనుమును వేడి చేయుట అవసరము. తేమ తగిలిన 7018 రాడ్డును వాడుటకంటె వాడకుండుట మేలు. రోటవేటరు బ్లేడులను అతుకవద్దు. అవి బోల్టులు విప్పి మార్చుకొనుటకు చేసినవి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన పెద్దలు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. రేకుల షెడ్డు అతుకు ఎట్టిదో చేసిన నాడు తెలియదు, అట్టి గాలి వచ్చిన నాడు తెలియును. షెడ్డు చట్రములకు కూడ కొక్కెముకు చూపిన శ్రద్ధయే చూపవలెను.

దుకాణములో యంత్రమును పరీక్షించుటకు మీ ఇనుమును, మీ రాడ్లను మీరే తీసికొని పొండు. 6 మిల్లీమీటర్ల పట్టీలు రెండు T ఆకారములో నిలిపి, ఒక ప్రక్కనే 10 గేజి రాడ్డుతో అతికి, చల్లారిన పిమ్మట వైసులో బిగించి సుత్తితో అతుకు తెరచుకొనునట్లు కొట్టుడు. విరిగిన చోట లోపలి మూల వరకు మెరయు ఇనుము కనబడవలెను. మూలలో నల్లని గీత యున్నచో ఇనుము కరుగలేదు. తరువాత పది రాడ్లు ఆపకుండ కాల్చి యంత్రము నిలిచిపోవునేమో చూడుడు. ఒప్పుకొనని దుకాణదారుని వద్ద కొనకుండుటయే మంచిది. వీలైనచో అదే పరీక్షను సాయంకాలము మీ షెడ్డులో చేసి నచ్చకున్న తిరిగి ఇచ్చు షరతుపై తెచ్చుకొనుడు. మా వాడు రెండవ యంత్రమును ఇట్లే తెచ్చెను. మొదట తెచ్చిన దానిని తిరిగి పంపి, రెండవసారి తెచ్చిన దానిని ఉంచుకొన్నాడు.

తడి నేలపై పని చేయు మన ప్రాంతములో షెడ్డుకు విడిగా ఎర్తు, కరెంటు లీకును పసిగట్టి ఆపు ఆర్.సి.సి.బి. స్విచ్చి తప్పక ఉండవలెను. ఖాళీ డీజిలు పీపాను అతుకరాదు, లోపలి ఆవిరి పేలును. జింకు పూత రేకును కాల్చునప్పుడు గాలికి ఎదురుగా గాక ప్రక్కగా నిలువవలెను. ఆ పొగ పీల్చిన రాత్రికి చలిజ్వరము వచ్చును. గడ్డివామికి చేరువలో పని పెట్టరాదు.

కరెంటు కనెక్షను సంగతి చివర వ్రాసినను మీరు మొదట చేయవలసిన పని ఇదియే. పొలము మోటారు కనెక్షను నుండి వెల్డింగు చేయుట 2003 విద్యుచ్ఛక్తి చట్టము 126 వ సెక్షను ప్రకారము అనధికార వాడకము. దొరికినచో రెండు రెట్ల రేటున లెక్క కట్టి వసూలు చేయుదురు. ఇంటి కనెక్షనుపై వ్యాపారము చేయుట కూడ అట్టిదే. షెడ్డుకు ప్రత్యేక కనెక్షను కొరకు దరఖాస్తు పెట్టునప్పుడు యంత్రపు కె.వి.ఏ. లెక్క, గ్రైండరు, డ్రిల్లు మోటార్ల శక్తి కలిపి లోడు వ్రాయవలెను. మీ స్తంభము మీది ట్రాన్స్‌ఫార్మరు ఆ లోడు మోయునో లేదో లైన్‌మనిషిని అడిగి, త్రీ ఫేజు ఇచ్చెదరని తెలిసిన పిమ్మటనే యంత్రమునకు బయానా ఇయ్యుడు.